చదివి చెప్పి చేతికియ్యాలె

"ఆంజనేయులా? తిమ్మప్పనా? కుర్మయ్యనా? బాలస్వామినా? నర్సింహులా? ఏసేపా?"

ఇది బడిలో హాజరు కాదు. మా సారు దవాఖాన కౌంటరు వెనక నిలబడి ఇలా పేర్లు వరసగా చదివేవాడు. ఎదురుగా ఎవరో నిండు చూలాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్కో పేరుకూ తల అడ్డంగా ఊపుతూ నిలబడేదట. మొగుడి పేరు రాగానే నిలువుగా ఊపేదట. ఈయన ఫారంలో రాసుకునేవాడు. మొగుడి పేరు నోటితో పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా పాలమూరు వైపు పెద్దవయసు ఆడవాళ్లకు ఇప్పటికీ భయం. ఫారంలో గడి ఉంది కదా అని ఆ భయం పోతుందా? పోదు. అందుకే ఈయన పేర్లన్నీ తనే పలికి, వాళ్లకు తల ఊపే పని మాత్రం మిగిల్చేవాడు.

ఆయన పోయి నెల దాటింది. పేరు నేనిక్కడ రాయడం లేదు. గద్వాలలో ఆయన గల్లీలో అందరికీ ఆయన రికార్డు సారే, నాకూ అంతే. ముప్పై ఏళ్లకు పైగా దవాఖానల్లో కాగితాలు కట్టలు కట్టి, దుమ్ము దులిపి, అడిగినవాళ్లకు తీసిచ్చిన మనిషి. ఇప్పుడు నేను నాగర్‌కర్నూలులో ఒక ఆస్పత్రిలో అదే పని చేస్తున్నాను. ఈ కుర్చీ ఎవరి పుణ్యమా అని వచ్చిందో చెప్పకపోతే నాకు అన్నం అరగదు.

ఆయన నాకు పరిచయమైంది నేనొక ఇంటర్వ్యూలో బొక్కబోర్లా పడ్డాక.

మాది వీపనగండ్ల దిక్కు బస్సు రాని ఊరు. అమ్మానాన్న ఏడాదిలో ఎనిమిది నెలలు పుణెలో బిల్డింగు పనుల మీద ఉంటారు. నన్ను హాస్టళ్లలో పెట్టి వనపర్తిలో డిగ్రీ దాకా చదివించారు. ఆ తర్వాత హైదరాబాదులో ఏడాదిపాటు మెడికల్ రికార్డుల కోర్సు చేశాను. రోగి ఆస్పత్రి గడప తొక్కినప్పటి నుంచి ఇంటికి పోయేదాకా పుట్టే ప్రతి కాగితమూ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి, భద్రం చేయాలి, అడిగితే తీసివ్వాలి. చెప్పడానికి ఇంతే ఉద్యోగం. దొరకడానికి మాత్రం నాకు చుక్కలు కనిపించాయి.

వనపర్తిలో ఒక ఆస్పత్రివాళ్లు పిలిచారు. పుస్తకంలోని నిర్వచనాలన్నీ ఇంగ్లీషులో బట్టీ పట్టుకుని పోయాను. మొదట రెండు మూడు బాగానే చెప్పాను. తర్వాత ఒక పెద్దమనిషి, "పేషెంటు పేరు తప్పు రాశారనుకోండి, ఏం చేస్తారు?" అని అడిగాడు. నేను తడుముకోకుండా, ఎంతో గొప్పగా, "వైట్నర్ పెట్టి సరిగ్గ రాస్త సార్" అన్నాను. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఇక మీరు వెళ్లొచ్చన్నారు. నాకు ఒళ్లు మండి, "ఏం తప్పు చెప్పిన్నో చెప్పుండ్రి సార్, ఊకె పొమ్మంటే ఎట్ల?" అని నిలదీశాను. అప్పుడు ఇంకా తొందరగా పంపించేశారు. బస్టాండులో మిరపకాయ బజ్జీ తింటూ ఏడ్చాను. కారానికి ఏడుస్తున్నాననుకుని పక్కనున్నావిడ నీళ్ల సీసా ఇచ్చింది.

ఆ సాయంత్రం నాన్న ఫోను చేశాడు. "ఇగ సాలు బిడ్డా. ఇంకొక్కటి సూడు. అది గూడ గాకుంటే మేస్త్రికి నీ పేరు చెప్త. ఈడ కూలోళ్లకు హాజరేసే పనున్నదంట. నీడ పట్టునే ఉంటవు" అన్నాడు. నాన్న మాటలో కోపం లేదు. అలసట ఉంది. దాంతో నాకు మరింత మొండితనం వచ్చింది. మేస్త్రి నోట్లో నా పేరు పడకూడదు అనుకున్నాను. ఆ ఇంకొక్కటి నాగర్‌కర్నూలులో ఉంది, మూడు వారాల్లో.

గద్వాలలో మా చిన్నమ్మ బట్టలు కుడుతుంది. సంగతి విని, "మా గల్లీల ఒక సారున్నడే. దవాఖాన కాయిదాలతోనే ముసలైండు. ఏడుసుడు బందువెట్టి జర ఆయన్ను పోయి కలువు" అంది. సంచి సర్దుకుని బస్సెక్కాను. బీచుపల్లి వంతెన మీద అందరూ ఆంజనేయస్వామి గుడి దిక్కు చేతులు జోడిస్తే నేనూ జోడించాను. ఉద్యోగం అడగలేదు. ఆ ముసలాయన ఇంట్లో ఉంటే చాలు అని మొక్కుకున్నాను.

ఉన్నాడు. వసారాలో కూర్చుని ఇంటి కరెంటు బిల్లులను కట్ట కడుతున్నాడు. తెల్ల నాడాతో కట్టి, ఒక్క కొస లాగితే ఊడిపోయేలా ముడి వేసి, ఊడుతుందో లేదో లాగి చూసి, మళ్లీ కడుతున్నాడు. కళ్లద్దాలకు దారం. పెన్ను మూత పళ్ల మధ్య. చిన్నమ్మ నన్ను ముందుకు తోసింది. నేను వనపర్తి భాగోతమంతా చెప్పాను. వైట్నర్ దగ్గరికి రాగానే ఆయన పళ్ల మధ్య మూత కింద పడింది.

"వైట్నరా? సున్నం గోడకేసుకుంటరు బిడ్డా. కాయిదానికెందుకు?"

ఒక బిల్లు వెనక ఏదో పేరు రాశాడు. దాని మీద ఒకటే గీత గీశాడు, కింది అక్షరాలు కనబడేలా. పైన సరైన పేరు రాసి, పక్కన సంతకం పెట్టి, తారీకు వేశాడు.

"తప్పు కనవడాలె. దాన్ని కొట్టేసింది కనవడాలె. కొట్టేసినోడు ఎవడో గూడ కనవడాలె. తప్పు చేస్తే తప్పు. దాసిపెడ్తే దొంగతనం. తెలిసిందా?"

"తెలిసింది సార్."

"రేపు పొద్దుగాల రా. మంచి బట్టలేసుకొని రా."

మంచి బట్టలెందుకో మర్నాడు అర్థమైంది. ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, కాళ్లకు బూట్లు కూడా వేసుకుని వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ. పక్కన నేల మీద ఆయన భార్య చాట నిండా పల్లికాయ పోసుకుని వలుస్తోంది. నన్ను గేటు బయటికి పంపించి, లోపలి నుంచి గట్టిగా "నెక్స్ట్!" అని కేకేశాడు. గల్లీలో వాళ్లంతా తలుపుల్లోకి వచ్చారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"నెక్స్ట్ అంటే రావాల్నని గుడ తెల్వదా?" అని మళ్లీ కేక.

రోజూ ఇదే తంతు. గేటు బయటి నుంచి రావాలి, నమస్కారం పెట్టాలి, కూర్చోమంటే కూర్చోవాలి. బనీను మీద ప్రశ్నలు అడగడం ఆయనకు అవమానం. "అవుతల కూసున్నోడు సూటేసుకుంటడు. నేను బనీను మీద అడిగితే నీకు భయమెట్ల పోతది?" అనేవాడు. కాగితాలు ఎన్నేళ్లు దాచాలి, పోలీసులడిగితే ఏం చూపించాలి, ఇన్సూరెన్సువాళ్లకు ఏమివ్వాలి, చుట్టపోడు వచ్చి ఫైలు చూస్తానంటే ఏం చెప్పాలి, అన్నీ అడిగేవాడు. నేను ఇంగ్లీషులో వల్లించబోతే చెయ్యెత్తేవాడు. "గది పుస్తకం మాట. నీ మాట చెప్పు." ఆయన భార్యను నేను అవ్వా అని పిలిచేదాన్ని. జవాబు బాగుంటే ఆమె రెండు పల్లిగింజలు నా చేతిలో వేసేది. బాగాలేకపోతే తనే నోట్లో వేసుకునేది. ఆ మూడు వారాల్లో ఆమె బాగా పల్లీలు తిన్నది.

నాగర్‌కర్నూలు దరఖాస్తులో మన గురించి చెప్పగలిగిన పెద్దమనిషి పేరు ఒకటి రాయాలి. ఆయన గడ్డం గీయించుకోవడానికి పోయిన సమయంలో గుర్తొచ్చి, "అవ్వా, సారు పూర్తి పేరేంది?" అని అడిగాను. ఆమె గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నపిల్లలా నవ్వింది.

"గోడ మీదున్నది, చదువుకో."

గోడ మీద ఆయన రిటైరైనప్పుడు ఇచ్చిన సన్మానపత్రం అద్దంలో బిగించి ఉంది. అందులో చూసి రాసుకున్నాను.

"ఒక్కసారి గుడ అనలేదా అవ్వా?"

"నలబై ఏండ్లయింది. నా నోట్ల నుంచి రాలె. ఇగ ఇప్పుడెందుకు?" అని చాట దులుపుకుని లోపలికి పోయింది.

ఆయన మీద ఆ గల్లీకి ఒక ఫిర్యాదు ఉండేది. ఎవరైనా దవాఖాన చీటీ పట్టుకొచ్చి మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పమంటే, చీటీ మొత్తం చదివేదాకా వదిలేవాడు కాదు. ఒకరోజు మోకాళ్ల నొప్పుల పెద్దాయన ఒకడు వచ్చాడు.

"సారూ, మందు బువ్వకు ముందా ఎన్కనా? గది చెప్పు సాలు."

"ఆగు. నీ పేరు ఇదేనా?" అని చీటీ మీది పేరు చదివాడు సారు.

"నా పేరు నాకెర్కలేదా ఏంది?"

"నీకు ఎర్కనే. కాయిదానికి ఎర్కనా లేదా అని సూస్తున్న."

పేరు, ఊరు, వయసు, తారీకు, ఏ కాలు, అన్నీ చదివాడు. రోగం సంగతి వచ్చినప్పుడు మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆయన చెవిలో చెప్పాడు. చివరికి మందు సంగతి. పెద్దాయన "పురాణం అయిపోయిందా?" అని లేచి, దుమ్ము దులుపుకుని పోయాడు. సారు నా వైపు తిరిగి, "చదివి చెప్పి చేతికియ్యాలె. చదవకుండ ఇచ్చిన కాయిదం, ఇయ్యనట్టే" అన్నాడు. నేనది కూడా ఒక పిచ్చి అనుకున్నాను. ఆ వయసువాళ్లకు ఏదో ఒకటి ఉంటుంది కదా.

కానీ నన్ను నిజంగా రాచిరంపాన పెట్టింది ఒకే ఒక ప్రశ్న. ఎన్ని అడిగినా చివర్లో దానికే వచ్చేవాడు.

"నీ చేతుల తప్పు పడ్డది. ఏం చేస్తవు?"

"ఒక్క గీత కొడ్త. పైన సరిగ్గ రాస్త. సంతకం పెడ్త. తారీకేస్త."

"ఇంక?"

"పెద్దసారుకు చెప్త."

"ఇంక?"

"కంప్యూటర్ల గూడ మారుస్త."

"ఇంక?"

ఇంక ఏముంటుంది? నా నోటు పుస్తకంలో లేదు, కోర్సు పుస్తకంలో లేదు. ఆయన చెప్పడు. చూస్తూ కూర్చుంటాడు. సాసరులో చాయ్ పోసుకుని, ఊదుకుంటూ, నా మొహంలోకి చూస్తాడు. ఇలా తొమ్మిది రోజులు. పదో రోజు నా తిక్క లేచింది.

"ఇంక ఏమున్నదో మీకే తెల్వదేమో సార్! తెలిస్తే చెప్పుండ్రి. లేకుంటే నన్నెందుకు పరేషాన్ చేస్తుండ్రు? ఈ కొలువు రాకుంటే నేను పుణెకు పోవాలె. మీకేం, మీకు పింఛనొస్తది" అని నోటు పుస్తకం కుర్చీలో విసిరేసి గేటు దాటాను.

గల్లీ మలుపు దాకా పోయానో లేదో, వెనక చెప్పుల చప్పుడు. అవ్వ. చేతిలో నా నోటు పుస్తకం.

"ఎందుకే గంత కోపం? ఎన్కకు రా."

"నన్ను సతాయిస్తుండు అవ్వా."

"నిన్ను గాదు. ఆయన్ను ఆయన సతాయించుకుంటుండు. చెప్పాల్నని ఉన్నది, నోరొస్తలేదు. నువ్వు పోయి సప్పుడు జేయకుండ కూసో" అంది.

పోయి కూర్చున్నాను. ఆయన చాలాసేపు కళ్లద్దాల దారం సర్దుకున్నాడు. తర్వాత గేటు వైపు చూస్తూ చెప్పాడు.

"కొత్తగ కొలువుల చేరినప్పుడు. ఏ దవాఖాననో ఎందుకు, ఆడ కౌంటర్ల కూసుంటుంటి. పొద్దుగాల ఒకామెను నొప్పులతోని జీపుల తోల్కొచ్చిండ్రు. మొగడు కాల్వ పని మీద యాడనో ఉన్నడు. ఆ పనికి కూలోళ్లను తీస్కపోయే మేస్త్రే తన జీపుల తెచ్చిండు. నీ మొగని పేరేందమ్మా అంటే చెప్పదు. కొంగు అడ్డం వెట్టుకున్నది. లైను గేటు దాంక ఉన్నది. నాకు కోపమొచ్చింది. తోల్కొచ్చినోళ్లెవరు, పేరు చెప్పుండ్రి అన్న. మేస్త్రి తన పేరు చెప్పిండు. తీస్కపోయి మొగని గడిల రాసిన."

అవ్వ పల్లికాయ వలవడం ఆపింది.

"మూడు దినాలకు కాయిదాలు సర్దుతుంటే తప్పు దొరికింది. ఆమె అత్త ఏలుముద్ర ఏసిన కాయిదంల వేరే పేరున్నది. రిజిస్టర్ తీసి ఒక్క గీత కొట్టిన. పైన సరిగ్గ రాసిన. సంతకం, తారీకు. అచ్చం నువ్వు చెప్పినట్టే చేసిన. నా పని అయిపోయిందనుకున్న. ఆమె అయ్యాల పొద్దుగాలనే మేమిచ్చిన కాన్పు చీటీ తీస్కొని ఇంటికి వొయ్యింది."

"ఆ చీటీల..." అన్నాను.

"ఆ చీటీల మేస్త్రి పేరే ఉన్నది."

నేను నోటు పుస్తకం మూసేశాను.

"ఏడాదికి వచ్చింది. సంకల ఆడిపిల్ల. చీటీ బల్ల మీద వెట్టి, సారూ, గీండ్ల ఏం రాసినవో జర చదువు అన్నది. చదివిన. వాళ్లూర్ల సదువుకున్నోడెవడో గది చదివి చెప్పిండంట. పిల్ల ఎవలి పిల్ల అన్నరంట. ఏడాది సంది తల్లిగారింట్ల ఉన్నది. నేను గాబరా గాబరా రిజిస్టర్ తీసి సూపెట్టిన. సూడమ్మా, మూడో దినమే దిద్దిన, నా సంతకం గూడ ఉన్నది అన్న. ఆమె ఏమన్నదో ఎర్కనా?"

నేను తల ఊపాను, తెలియదని.

"నీ పుస్తకం మా ఊరికి రాలె గద సారూ, అన్నది."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అప్పటికప్పుడు ఆమెకు కొత్త చీటీ రాసిచ్చాడట. ఆమె రెండుసార్లు చదివించుకుని, మడిచి, రొండిన దోపుకుని పోయిందట. అత్తగారింట్లో రానిచ్చారో లేదో ఈయనకు తెలియదు.

"పోయి అడగలేదా సార్?"

"లేదు."

 లేచి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, బనీను మీద కూర్చున్నాడు. ఆరోజుకు ఇంటర్వ్యూ అయిపోయిందని అర్థం. పేర్ల వరస ఎందుకు పుట్టిందో, చీటీల పురాణం ఎందుకు పుట్టిందో అప్పుడు నాకు తెలిసింది. ముప్పై ఏళ్లు ఆ మనిషి ఒక్క ఆడమనిషికి జవాబు చెబుతూనే ఉన్నాడు.

ఇంటర్వ్యూ రోజు తెల్లవారే బయల్దేరాను. పెబ్బేరు, వనపర్తి, బిజినేపల్లి. బిజినేపల్లిలో బస్సు ఆగినప్పుడు చాయ్ తాగాలనిపించినా తాగలేదు, చీర మీద ఒలుకుతుందని. నాగర్‌కర్నూలులో నాకంటే ముందు పదకొండు మంది ఉన్నారు. ఇంగ్లీషు దంచుతున్నారు. లోపలి నుంచి "నెక్స్ట్" అని వినబడగానే ఒక్కసారి నవ్వొచ్చింది. గల్లీలో అంతమంది ముందు రోజూ నడిచిన నాకు ఈ గది ఏపాటి?

ముగ్గురున్నారు. ఒక మేనేజరు, ఒక మేడమ్, ఒక పెద్ద డాక్టరు. కాగితాలు ఎన్నేళ్లు దాచాలో మేడమ్ అడిగింది, చెప్పాను. పోలీసుల సంగతి అడిగారు, చెప్పాను. చివర్లో డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి అడిగాడు.

"నీ ఎంట్రీలో తప్పు జరిగిందమ్మా. ఏం చేస్తావు?"

 ఒక్క గీత, సంతకం, తారీకు అన్నీ చెప్పాను. ఆయన తల ఊపి కాగితం మీద ఏదో రాసుకోబోయాడు. నేను ఆగలేదు.

"ఇంకున్నది సార్."

"ఇంకేముంది?"

"పేషెంటు చేతిల ఉన్న కాపీ గూడ మార్చాలె సార్. ఫోను చేస్త. ఎత్తకుంటే పోత. పాతది తీసుకొని, కొత్తది చదివి వినిపించి ఇస్త."

మేనేజరు నవ్వాడు. "ఊరికి పోతావా? ఎక్కడో ఉంటుంది ఊరు."

"బస్సుంటది సార్."

"బస్సు లేని ఊరైతే?"

"నేను బస్సు లేని ఊరి నుంచే వచ్చిన సార్. ఈడికి రాలేదా? మన పుస్తకం వాళ్ల ఊరికి పోదు. మనమే పోవాలె."

గొంతు కొంచెం పెరిగిందని నాకే తెలిసింది. అయిపోయింది, వనపర్తిలాగే ఇక్కడా పంపిస్తారనుకున్నాను. డాక్టరు మాత్రం వెనక్కి వాలినవాడు ముందుకు వచ్చాడు. "ఇది నీకు ఎవరు చెప్పారు?" అని అడిగాడు. దరఖాస్తులో రాసిన పెద్దమనిషి పేరు చూపించాను.

ఎనిమిది రోజులకు ఫోను వచ్చింది. నాన్నకు చెప్పాను. "మేస్త్రికి చెప్త, మా బిడ్డ రాదని" అన్నాడు. ఆ మాట నాలుగుసార్లు చెప్పించుకున్నాను.

గద్వాలకు పోయాను. సారు నన్ను గేటులో చూడగానే లోపలికి పోయి తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఏమేం అడిగారో వరసగా చెప్పించుకున్నాడు. "బస్సుంటది సార్" అన్నానని చెప్పగానే పగలబడి నవ్వాడు. కళ్లద్దాలు జారి గుండెల మీద పడ్డాయి. అవ్వ కూడా నవ్వింది. దోసెడు పల్లిగింజలు నా ఒళ్లో పోసింది. నవ్వుతూ నవ్వుతూనే ఆయన చెంపలు తుడుచుకున్నాడు.

"నేను పోలె బిడ్డా. నాకు గుడ బస్సుండె" అన్నాడు.

 ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను.

ఇది జరిగి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లలో తప్పులు నా చేతిలోనూ పడ్డాయి. పడకుండా ఎట్లా ఉంటాయి? మూడుసార్లు బస్సెక్కి పోయి కాగితం మార్చి వచ్చాను. ఒకసారి ఊర్లో కుక్కలు తరిమాయి. మా ఆస్పత్రిలో నాకు పురాణం మేడమ్ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. ఏ కాగితమైనా చదివి చెప్పకుండా నా బల్ల దాటదు.

పోయిన నెల ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు నేను లోపల గదిలో ఉన్నాను. బయట కౌంటరులో కొత్తగా చేరిన అమ్మాయి గొంతు పెరిగింది. "పేషెంటు పేరు చెప్పమ్మా. పేరు చెప్పకుంటే కాయిదం యాడికెల్లి తియ్యాలె?" అంటోంది. అటు నుంచి మాట లేదు. ఎవరా అని బయటికి వచ్చాను.

అవ్వ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

బిజినేపల్లిలో వాళ్ల కూతురుంది. చూడడానికి వచ్చారట ఇద్దరూ. తెల్లవారుజామున సారుకు గుండెలో నొప్పి వస్తే అల్లుడు మా ఆస్పత్రికి తెచ్చాడు. నేను డ్యూటీకి రాకముందే అయిపోయింది. మా ఆస్పత్రిలోనే, నా గదికి పది గదుల అవతల. నాకు తెలియదు. కూతురు కింద అంబులెన్సు దగ్గర ఏడుస్తోంది, అల్లుడు ఎవరికో ఫోన్లు చేస్తున్నాడు. ఆయన పోయినట్టు ఆస్పత్రి ఇచ్చే కాగితం తెమ్మంటే అవ్వ వచ్చింది.

నేను ఆమెను పట్టుకోబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది. "ముందు కాయిదం" అన్నట్టు కౌంటరు వైపు చూపించింది. పేరు నాకు తెలుసు. ఆ అమ్మాయిని పక్కకు జరిపి నేనే తీసి ఇచ్చేయవచ్చు. కానీ ఆమె నా ఎదుట నిలబడి, కళ్లు తుడుచుకుని, నా నోటి వంకే చూస్తోంది. ఆమెకు ఏం కావాలో నాకు తెలిసింది. కొంగు తియ్యలేదు. తల ఊపడానికి సిద్ధంగా ఉంది.

"ఆంజనేయులా?" అన్నాను. 

తల అడ్డంగా ఊపింది.

"తిమ్మప్పనా? కుర్మయ్యనా? బాలస్వామినా? నర్సింహులా? ఏసేపా?"

అడ్డంగా. అడ్డంగా. ఆ వరసలో ఆయన పేరు ఎన్నడూ లేదు. ఏసేపు తర్వాత ఆయన పేరు నేను కలిపాను.

నిలువుగా ఊపింది.

కొత్తమ్మాయికి ఏమీ అర్థం కాక మా ఇద్దరినీ చూస్తోంది. కాగితం ప్రింటు తీసి నాకిచ్చింది. అవ్వను నా కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన స్టూలు వేసుకుని, చదివాను. పేరు చదివాను. వయసు చదివాను. "ఊరు, బిజినేపల్లి" అని చదివాను.

"మాది గద్వాల గదా బిడ్డా. బిజినేపల్లి అల్లునిది" అంది అవ్వ.

తీసుకొచ్చినవాడి ఊరే రాసుకున్నారు. కొత్తమ్మాయి నాలుక కరుచుకుంది.  ఊరు దిద్దించి, ఎవరు దిద్దారో రాయించి, కొత్త కాగితం తీయించాను. పాతది అడ్డగీత కొట్టి ఫైలులో పెట్టాను. లేకపోతే రేపు ఆ కాగితం పట్టుకుని పింఛను ఆఫీసులో ఆ ముసలావిడ ఎన్ని మెట్లు ఎక్కి దిగాల్సి వచ్చేదో.

మళ్లీ మొదటి నుంచి చదివాను. పేరు, వయసు, ఊరు గద్వాల, ఏ గంటకు వచ్చారు, ఏ గంటకు పోయారు. ఏ రోగంతో పోయారో ఆమె చెవి దగ్గర చెప్పాను. చివర్లో సంతకం పెట్టి, తారీకు వేసి, ఆమె చేతిలో పెట్టాను.

ఆమె లేవలేదు. కాగితాన్ని మళ్లీ నా చేతిలోనే పెట్టింది. కొంగు నోటి మీది నుంచి తీసింది.

"పేరు కాడ మల్లొక్కసారి చదువు బిడ్డా" అంది.

చదివాను.